నమ్మి దగ్గరికొచ్చిన పిల్లిని బోనులో పట్టించడం ద్రోహమా?

మిద్దెమెట్లు (కడప):
మా ఇంటి వెనక ఓనరు వాళ్లు మిగిలిపోయిన కడప బండలు పేర్చి పెట్టారు. ఆ సందులో ఒక బూడిద చారల పిల్లి ఉంటోంది. ఎవరో పెంచి వదిలేసింది కాదు, మనిషి చెయ్యి ఎరగని రకం. పోయిన కార్తీకంలో మొదటిసారి చూసినప్పుడు, వంటింటి తలుపు గొళ్లెం తీసిన చప్పుడుకే గోడ దూకేసేది.

మాలిమి కావడానికి ఆర్నెల్లు పట్టింది. రోజూ సాయంత్రం ఆరున్నరకి, అదే స్టీలు పళ్లెం, అదే మెట్టు. మొదట్లో పళ్లెం పెట్టి లోపలికి వచ్చేసేదాన్ని. తర్వాత పది అడుగుల దూరంలో దానికి వీపు పెట్టి కూర్చుని అనపకాయలు ఒలుచుకునేదాన్ని. దాని వైపు చూడకుండా ఉండటమే అన్నిటికంటే కష్టం. ఉప్పూ కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన కోడి మెడలు పెడతా. నెలకో అడుగు, రెండడుగులు దగ్గరైంది. ఇప్పుడు తింటూ ఉంటే దాని తోక నా మోకాలికి తగులుతుంది. ముట్టుకోనివ్వదు మాత్రం. ఒకసారి తొందరపడి చెయ్యి చాపితే గీరేసింది. సబ్బు పెట్టి పావుగంట కుళాయి కింద కడుక్కుని, రేబీస్ టీకాలన్నీ వేయించుకున్నా.

అసలు సంగతి ఇది. సంక్రాంతి తర్వాత మూడు పిల్లల్ని పెట్టింది. ఒకటి కుక్కల పాలైంది, ఒకటి బైకు కింద పడింది, మూడోది ఏమైందో తెలీదు. ఇప్పుడు రాత్రిళ్లు గండుపిల్లి అరుపులు మళ్లీ మొదలయ్యాయి. ఆపరేషన్ చేయిద్దామంటే చేత్తో పట్టడం కుదరదు, బోను పెట్టాల్సిందే. నన్ను నమ్మి వచ్చే ఆ మెట్టు మీదే పెట్టాలి. మనసొప్పడం లేదు. మా అత్తయితే "అన్నం పెట్టిన చేత్తోనే పట్టిస్తావా" అంటోంది. మీరేమంటారు?

పెన్నగట్టు (కడప):
మీ అత్తగారిదే నా మాట కూడా. ఇంకో మెట్టు ముందుకెళ్లి చెప్తా, మాలిమి చేయడమే మొదటి తప్పు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు క్వార్టర్స్‌లో మా పాప ఇట్లాగే ఒక పిల్లిని మచ్చిక చేసింది. రెండేళ్లకు నాకు అనంతపురం బదిలీ అయింది. మేము వచ్చేశాక అది పక్కింటి గుమ్మం ముందు కూర్చుని అరిచేదట. వాళ్లు వేడినీళ్లు పోశారు. ఈ సంగతి పాపకు నేటికీ చెప్పలేదు. మనిషంటే భయమే వీధిపిల్లికి రక్ష. మీరు ఆ భయం తీసేశారు, ఇప్పుడు బోను కూడా పెడతానంటున్నారు. అద్దె ఇల్లు అంటున్నారు, రేపు మీరు ఖాళీ చేస్తే?

హంద్రీఒడ్డు (కర్నూలు):
ఇంత ఆలోచన ఎందుకు అక్కా. గోనెసంచిలో వేసి బుగ్గవంక అవతల వదిలేస్తే పోలా? మా వీధిలో అందరూ చేసేది అదే.

ఊదారిబ్బను (ప్రొద్దుటూరు):
అన్నా, మీ వీధిలో పిల్లులు తగ్గాయా మరి? తగ్గవు. తిండీ, దాక్కునే సందూ ఉన్నచోట ఒకటి పోతే ఇంకోటి చేరుతుంది. వదిలేసింది తెలియని చోట వేరే పిల్లులతో కొట్లాడలేక, వెనక్కి రాబోయి రోడ్డు మీద చస్తుంది. నేను పశువైద్యం చదువుతున్నా, ఇంత గట్టిగా చెప్తున్నానని ఏమనుకోకండి.

మిద్దెమెట్లు అక్కా, మీరు ఆలస్యం చేయకండి. పిల్లికి చూలు 63 నుంచి 65 రోజులు, అంతే. పాలిస్తున్నప్పుడు కూడా మళ్లీ కడుపు నిలుస్తుంది. ఎవరైనా పిల్లలు పుట్టకుండా మాత్రలు అంటారు, వేయకండి, వాటితో గర్భసంచిలో చీము పట్టొచ్చు, రొమ్ము గడ్డలు రావొచ్చు.

ఇప్పుడు పెద్దాయన మాటకు. సార్, మీ పాప మచ్చిక చేసింది బహుశా ఇళ్లలో పుట్టి తప్పిపోయిన పిల్లి. రెండో వారం నుంచి ఏడో వారం లోపల మనిషి చేతుల్లో తిరిగిన పిల్ల ఎవరి దగ్గరికైనా పోతుంది. ఆ వయసు దాటిపోయాక మాలిమి అయిన పిల్లి మామూలుగా అన్నం పెట్టే ఆ ఒక్క మనిషినే నమ్ముతుంది. అక్క పిల్లి ఆర్నెల్లయినా ముట్టుకోనివ్వడం లేదంటేనే తెలుస్తోంది కదా.

పెన్నగట్టు:
"మామూలుగా" అన్న మాట మీద ఒక ప్రాణాన్ని పెడుతున్నావమ్మా. నువ్వు చెప్పింది చదువు, నేను చెప్పింది కళ్లతో చూసింది. సరే, ఆపరేషన్ మంచిదే, కాదనను. అది నమ్మిన మనిషి కాకుండా ఇంకెవరైనా పట్టొచ్చు కదా?

ఊదారిబ్బను:
అది మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా సార్. అక్కా, బోను తలుపును తీగతో పైకి కట్టేసి, మూసుకోకుండా చేసి, పది రోజులు పళ్లెం అందులోనే పెట్టండి. రోజూ నాలుగు వేళ్లు లోపలికి జరపండి. పట్టే రోజు మీరు కనపడకండి, తలుపు పడగానే ఇంకొకరు వచ్చి గుడ్డ కప్పాలి. చీకటైతే పిల్లి సద్దుమణుగుతుంది. బాత్రూంలోకి తోలి తువ్వాలు వేసి పట్టే పని అసలొద్దు, పిల్లినైనా గదిలో పెట్టి కొడితే పులవుతుందని ఊరికే అనలేదు. ఈ ఎండలకు ఇనప బోను మధ్యాహ్నం కాలిపోతుంది, పొద్దు గూకాకే పెట్టండి. మత్తులో ఉన్నప్పుడే ఎడమ చెవి కొన కొంచెం కత్తిరించమనండి, ఆపరేషన్ అయిందని గుర్తు. లేకపోతే రేపు ఇంకెవరో పట్టి మళ్లీ పొట్ట కోయించే ప్రమాదం ఉంది.

హంద్రీఒడ్డు:
నా గోనెసంచి వెనక్కి తీసుకుంటున్నా. ఒక మాట, పిల్లి వైపు చూస్తూ నిదానంగా కళ్లు మూసి తెరిస్తే నమ్ముతుందని ఎక్కడో చదివా. నిజమా, ఉత్తిదా?

ఊదారిబ్బను:
నిజమే. 2020లో బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు పెంపుడు పిల్లుల మీద చూశారు. కొత్త మనిషి అయినా అట్లా కళ్లార్పితే చాపిన చెయ్యి దగ్గరికి ఎక్కువగా వచ్చాయి. మనవాళ్లు పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని ఎగతాళి చేస్తారు గానీ, కళ్లు మూయడం దాని భాషలో మర్యాద. పాలు మాత్రం పెట్టకండి, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగదు.

మిద్దెమెట్లు:
గేట్లు చేసే వెల్డింగ్ షాపులో జాలీతో బోను చేయించాను. "ఏం జంతువుకమ్మా" అని అడిగి, పిల్లికని చెప్తే నవ్వాడు. నాలుగు రోజులు బోను చుట్టూ తిరిగి, పళ్లెం ముట్టకుండా వెళ్లిపోయింది. ఐదో రోజు ముందుకాళ్లు లోపల, వెనకకాళ్లు బయట పెట్టి, నడుం సాగదీసి తినింది. చూస్తే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మిద్దెమెట్లు (మూడు వారాల తర్వాత):
అయిపోయింది. తలుపు పడినప్పుడు నేను మేడ మీద ఉన్నా, మా తమ్ముడు దుప్పటి కప్పాడు. ఆ చప్పుడు మాత్రం పైకి వినపడింది. రెండు రాత్రులు ఉంచుకుని, బండల దగ్గరే వదిలాం. నాలుగు రోజులు అజా పజా లేదు. ఐదో రోజు సాయంత్రం గోడ మీదికి వచ్చి కూర్చుంది. ఎడమ చెవి కొన లేదు. నేను లోపలికి వెళ్లాకే దిగి తినింది. ఇప్పుడు ఐదడుగుల దూరంలో తింటోంది.

పెన్నగట్టు:
తోక తగిలే చోటు నుంచి ఐదడుగులు. చూశారా మరి.

మిద్దెమెట్లు:
చూశాను సార్. మళ్లీ వీపు పెట్టి కూర్చుంటున్నా. అనపకాయల కాలం అయిపోయింది, చింతపండు గింజలు తీస్తున్నా. ఇల్లు ఖాళీ చేస్తే ఏమని అడిగారు కదా, కింది వాటాలో ఉండే అవ్వకు ఆ మెట్టు, ఆ పళ్లెం, ఆరున్నర అలవాటు చేస్తున్నా. ఆమె గొంతు పెద్దది, అదొక్కటే ఇబ్బంది.

పెన్నగట్టు:
అవ్వను మాట్లాడకుండా కూర్చోమనండి. కుదిరితే మాకు కూడా చెప్పండి, మా ఇంట్లోనూ ఒకావిడ ఉంది.