కేరళ అమీబా కేసులు చూశాక కూడా అపార్ట్‌మెంట్ పూల్ తెరిచి ఉంచాలా?

బీబ్లాక్_తాత:
2024లో కేరళలో నీళ్లలో దిగి స్నానం చేసిన పిల్లలు కొందరు మెదడు తినే అమీబాతో పోయారు, 2025లో కేసులు ఇంకా పెరిగాయి. సోకితే నూటికి 97 మంది దక్కరట. మా అపార్ట్‌మెంట్‌లో ఎండలు తగ్గేదాకా పూల్‌కి తాళం వెయ్యమంటే కమిటీ వాళ్లు నవ్వారు. నేనన్నదాంట్లో తప్పేంటి?

ఈత_అమ్మ:
తాతగారూ నేనూ మీ అపార్ట్‌మెంటే. ఆ అమీబా క్లోరిన్ లేని గోరువెచ్చటి నీళ్లలో పెరుగుతుంది, ముక్కులోంచి పైకి పోతేనే ప్రమాదం, తాగితే రాదు, ఒకళ్ల నుంచి ఒకళ్లకి అంటదు. క్లోరిన్ సరిగ్గా ఉంటే మన పూల్‌కి భయమెందుకు? నీళ్లలో మునిగి పోయినవాళ్లు 2021లో ప్రపంచం మొత్తం మీద 3 లక్షల మంది అని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. మావాణ్ణి ఈతకి పంపేదే అందుకు.

రాము_9:
కోజికోడ్‌లో 2024లో ఒక 14 ఏళ్ల కుర్రాడు బతికి బయటపడ్డాడు కదా

బీబ్లాక్_తాత:
ఒక్కడు బతికాడని పండగ చేసుకోమంటావా బాబూ. క్లోరిన్ సరిగ్గా ఉందని ఎవరు చూశారు? మొన్న పక్కన నిలబడితేనే కళ్లు మండాయి, బస్తాలు బస్తాలు పోస్తున్నారు.

ల్యాబ్_పిల్ల:
ఆ ఘాటు ఎక్కువ పోసినందుకు కాదండీ. చెమట, ఉచ్చ క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, కళ్లు మండించేది అవే. వాసన కొడుతోందంటే పనిచేసే క్లోరిన్ తక్కువ పడుతోందేమో చూడాలి.

బీబ్లాక్_తాత:
వాసన వస్తే క్లోరిన్ తక్కువా! భలే చెప్పావమ్మా. పోయినేడు పూల్‌లో దిగొచ్చాక మా మనవరాలికి విరేచనాలు పట్టుకుని సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. కమిటీలో ఒక్కడన్నా ఎలా ఉందని అడిగాడా? దానికేమంటావు?

ల్యాబ్_పిల్ల:
పాపకి ఏమొచ్చిందో నేను చెప్పలేను కానీ పూల్ విరేచనాల్లో పేరుమోసింది క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) అనే కంటికి కనపడని పరాన్నజీవి. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా 1 పీపీఎం (లీటరు నీళ్లకి ఒక మిల్లీగ్రాము) క్లోరిన్‌కి నిమిషాల్లో చస్తాయి, ఇది మాత్రం వారం దాటినా బతికే ఉంటుంది. అందుకే క్రిప్టో వచ్చినవాళ్లు విరేచనాలు తగ్గాక కూడా రెండు వారాలు నీళ్లలో దిగకూడదు. తాళం కన్నా ఈ రూల్ గట్టిగా పెట్టడం ముఖ్యం.

బీబ్లాక్_తాత:
అదీ! నేను మొదట్నుంచీ మొత్తుకునేది అదే, ఎవరు దిగుతున్నారు అని. ఆదివారం సాయంత్రాలు పనిమనుషుల పిల్లల్ని దింపుతున్నారు, వాళ్లకి ఒంట్లో ఏముందో ఎవడికి తెలుసు?

ఈత_అమ్మ:
ఓహో, ఇందాకట్నుంచీ అమీబా అమీబా అన్నది ఇందుకా. ఆ పిల్లలు షవర్ చేసి మరీ దిగుతారు, నేనే దగ్గరుంటా. పోయిన నెల డైపర్ పిల్లాణ్ణి పెద్ద పూల్‌లో దింపింది మీ బీబ్లాక్ ఓనరు. అప్పుడు నోరు పెగల్లేదేం?

బీబ్లాక్_తాత:
నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది మేము. మా డబ్బుతో దానధర్మాలు చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు?

రాము_9:
మీటింగ్‌లో డైరెక్టుగా ఈ మాటే అనాల్సింది తాతా, మధ్యలో కేరళ ఎందుకు

ల్యాబ్_పిల్ల:
ఒక్క ముక్క. పూల్ బాయ్ దగ్గరున్నది పసుప్పచ్చ రంగొచ్చే చుక్కల కిట్. అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది, పనిచేసేది ఎంతో చెప్పదు. గులాబీ రంగొచ్చే డీపీడీ కిట్ కొనండి, రీడింగ్ రోజూ బోర్డు మీద రాయించండి.

బీబ్లాక్_తాత:
కొనండి, రాయండి. ఆదివారం మాత్రం తాళం పడాల్సిందే.

ఈత_అమ్మ:
వెయ్యండి చూద్దాం. తాళంచెవి నా దగ్గరే ఉంది.