కొత్త డీసీటీ కారు ట్రాఫిక్‌లో వణుకుతోంది: ఇది లోపమా, ఆ గేరుబాక్సు స్వభావమా?

కూకట్‌పల్లివాసి:

అందరికీ నమస్కారం. నా దగ్గర ఏడాదిన్నర కిందట కొన్న పెట్రోలు కాంపాక్ట్ ఎస్‌యూవీ ఉంది. గేరుబాక్సు 7 గేర్ల డ్యూయల్ క్లచ్ (డీసీటీ), అందులోనూ డ్రై క్లచ్ రకం. ఓడోమీటరు ఇప్పుడే 14,000 కిలోమీటర్లు దాటింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే నాకు కావలసింది తిట్ల పురాణం కాదు, సాంకేతికమైన జవాబు.

పొద్దున్నే బండి తీసినప్పుడు గేర్లు మారుతున్న సంగతే తెలియదు. జేఎన్‌టీయూ దగ్గర నుంచి హైటెక్ సిటీ వైపు అరగంట సేపు ఆగుతూ, కదులుతూ వెళ్లిన తర్వాత మాత్రం మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి అంతా సన్నగా వణుకుతోంది. వేగం తగ్గి మళ్లీ మొదటి గేరు పడేటప్పుడు వెనుక నుంచి ఎవరో తోసినట్టు ఒక జర్క్ వస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కే చోట బండ్ల వెనుక బండ్లు ఆగి ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. ఈ మధ్య ఒకసారి గేరుబాక్సు వేడెక్కిందన్న హెచ్చరిక కూడా తెరమీద కనిపించింది. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి చూసి ఎర్రర్ కోడ్ ఏదీ లేదన్నారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు, కొద్ది రోజులు బాగుండి మళ్లీ మొదటికి వచ్చింది. రెండోసారి వెళితే "ఈ గేరుబాక్సు ఇంతే సార్, మీరు నడిపే తీరు కొంచెం మార్చుకోండి" అని పంపించేశారు. మూడేళ్ల వారంటీలో సగం అయిపోయింది. ఇది నిజంగా ఆ గేరుబాక్సు స్వభావమేనా, లేక క్లచ్ పాడవుతోందా? తేల్చుకోవడానికి నా వైపు నుంచి ఏం చేయగలను?

గేర్లగోపాలం:

మీ వర్ణన చాలా స్పష్టంగా ఉంది కాబట్టి జవాబు కొంత వివరంగానే రాస్తాను. ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద మన దేశంలో నాలుగు వేర్వేరు యంత్రాలను అమ్ముతున్నారు. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేరుబాక్సే, క్లచ్‌నూ గేరునూ మన బదులు మోటార్లు కదుపుతాయి. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు జరుగుతూ ఉంటుంది. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య నూనె ద్వారా శక్తి బదిలీ అవుతుంది. మీది నాలుగోది. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకటి 1, 3, 5, 7 గేర్లకు, రెండోది 2, 4, 6 గేర్లకు. మీరు మొదటి గేరులో ఉండగానే కంప్యూటర్ రెండో గేరును సిద్ధం చేసి ఉంచుతుంది, మారే క్షణంలో ఒక క్లచ్ వదులుతూ ఉంటే రెండోది పట్టుకుంటుంది. హైవే మీద ఆ మార్పు మీకు తెలియకపోవడానికి కారణం ఇదే.

చిక్కంతా నిదానంగా కదిలేటప్పుడే. టార్క్ కన్వర్టర్ బండిలో బ్రేకు వదిలితే బండి పాకడానికి అవసరమైన జారుడును నూనె భరిస్తుంది. మీ బండిలో ఆ జారుడంతా క్లచ్ ప్లేట్ల రాపిడి మీదే జరగాలి. వెట్ క్లచ్ రకంలో ఆ వేడిని చుట్టూ ఉన్న నూనె తీసుకుపోతుంది, డ్రై క్లచ్‌కు చుట్టూ ఉన్న గాలి తప్ప మరో ఆధారం లేదు. కాబట్టి మే నెల ఎండలో ఫ్లైఓవర్ వాలు మీద అడుగడుగునా పాకించినప్పుడు వేడి హెచ్చరిక రావడం ఆ నిర్మాణంలోనే ఉన్న పరిమితి. అంతవరకు సర్వీస్ వాళ్లు చెప్పింది నిజమే. అయితే హెచ్చరిక రావడం వేరు, 14,000 కిలోమీటర్లకే వణుకు స్థిరపడిపోవడం వేరు. రెండింటినీ కలిపి "ఇంతే సార్" అనడాన్ని నేను ఒప్పుకోను.

వణుకు ఎక్కడ పుడుతోందో గమనించండి. ఆగిన చోటు నుంచి మొదటి గేరులో కదిలేటప్పుడే వస్తే బేసి గేర్ల క్లచ్‌ను అనుమానించాలి. రెండో గేరు అందుకునేటప్పుడు మాత్రమే వస్తే సరి గేర్ల క్లచ్‌ను, లేదా ఆ రెండింటి మధ్య చేతులు మారే సమయాన్ని నిర్ణయించే కంట్రోల్ యూనిట్‌ను చూడాలి. చల్లగా ఉన్నప్పుడూ, వేడెక్కినప్పుడూ ఒకే తీరుగా వస్తే అది వేడి సంగతి కాదు. గేరు మారకుండా ఒకే వేగంలో పోతున్నప్పుడు కూడా బండి దడదడలాడితే గేరుబాక్సును వదిలేసి ఇంజిన్ మిస్‌ఫైర్‌నూ (సిలిండరులో ఇంధనం సరిగా మండకపోవడం), స్పార్క్ ప్లగ్గులనూ, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులనూ పరీక్షించమనండి. మౌంటింగ్ సడలినా మొదటి గేరు పడినప్పుడు అచ్చం మీరు చెప్పిన జర్కే వస్తుంది.

ఎర్రర్ కోడ్ లేదన్న మాటకు అంత విలువ ఇవ్వకండి. సెన్సార్ విలువ నిర్ణీత హద్దు దాటితేనే కోడ్ నమోదవుతుంది, క్లచ్ వణుకు చాలాసార్లు ఆ హద్దు లోపలే ఉంటుంది. అదే స్కానర్‌లో లైవ్ డేటా అని ఉంటుంది. అందులో క్లచ్ ఉష్ణోగ్రత, క్లచ్ ఎక్కడ పట్టుకోవడం మొదలుపెడుతోందన్న టచ్ పాయింట్ వంటి విలువలు కనిపిస్తాయి. అప్‌డేట్ తర్వాత కంట్రోల్ యూనిట్‌కు ఈ టచ్ పాయింట్‌ను మళ్లీ నేర్పించవలసి రావచ్చు. ఆ పని చేశారో లేదో అడగండి. కొద్ది రోజులు బాగుండి మళ్లీ మొదలైందంటే, సాఫ్ట్‌వేర్ సర్దుబాటుతో కప్పిపుచ్చగలిగిన యాంత్రిక లోపం ఏదో లోపల ఉండవచ్చన్నది నా అనుమానం. బండిని చూడకుండా అంతకంటే గట్టిగా చెప్పడం భావ్యం కాదు.

నడిపే తీరు గురించి కూడా ఒక మాట. ముందు బండి రెండడుగులు కదిలిందని మీరూ రెండడుగులు కదలవద్దు, కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి వదలండి. ఆగినప్పుడు బ్రేకును పైపైన కాక పూర్తిగా నొక్కండి, అప్పుడే క్లచ్ పూర్తిగా విడిపోతుంది. అలా నొక్కి ఉంచితే చాలు, ప్రతి సిగ్నల్ దగ్గరా న్యూట్రల్‌లోకి మార్చడం వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదు. వాలు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు, ఆగిన బండిని బ్రేకు తానే పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉంటే దాన్ని వాడండి.

బెజవాడబాబాయ్:

గోపాలం గారు చెప్పినదానికి వర్క్‌షాప్ వైపు నుంచి ఒక మాట కలుపుతాను. సర్వీస్ సెంటర్‌కు బండిని పొద్దున పది గంటలకు చల్లగా అప్పగించి వస్తే, వాళ్లు కాంపౌండు చుట్టూ ఒక రౌండు కొట్టి సమస్య లేదని రాసేస్తారు. ట్రాఫిక్‌లో బాగా నడిపి, వణుకు మొదలైన తర్వాతే నేరుగా అక్కడికి తీసుకెళ్లండి. సర్వీస్ అడ్వైజరు కాదు, గేరుబాక్సు పని తెలిసిన టెక్నీషియన్ మీ పక్కన కూర్చోవాలి, స్టీరింగ్ అతనికే ఇవ్వండి. వణుకు అతని చేతికి తెలిస్తే సగం వాదన తప్పుతుంది. సెల్లారులో పార్కింగ్ అయితే బానెట్ ఎత్తి వైర్లు ఒకసారి చూడమనండి. ఎలుకలు కొరికిన వైరింగ్ వల్ల గేర్లు పిచ్చి పిచ్చిగా మారిన బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి, పైగా అది వారంటీలోకి రాదు.

డాలస్ శర్మ:

"మీరు నడిపే తీరు మార్చుకోండి" అన్న మాట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే దానికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 2011 నుంచి 2016 వరకు ఫియస్టాలోనూ, 2012 నుంచి 2016 వరకు ఫోకస్‌లోనూ ఆరు గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్‌ను పవర్‌షిఫ్ట్ పేరుతో అమర్చింది. వణుకు గురించి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఇన్‌పుట్ షాఫ్ట్ సీళ్ల నుంచి కారిన నూనె పొడిగా ఉండవలసిన క్లచ్‌ను తడపడం గుర్తించిన కారణాలలో ఒకటి. చివరికి క్లచ్‌లకు 7 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వరకు, కంట్రోల్ మాడ్యూల్‌కు 10 ఏళ్లు లేదా లక్షా యాభై వేల మైళ్ల వరకు వారంటీ పొడిగించవలసి వచ్చింది, వినియోగదారులు ఉమ్మడిగా వేసిన దావా కూడా పరిష్కార ఒప్పందంతో ముగిసింది.

ఆస్ట్రేలియాలో జరిగింది మీ విషయానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. వణుకుకు కారణం కారులోని నాణ్యతాలోపమని తెలిసి కూడా, అది నడిపేవారి తీరు వల్లేనని వినియోగదారులకు తరచుగా చెప్పినందుకు అక్కడి ఫెడరల్ కోర్టు 2018 ఏప్రిల్‌లో ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. అంతకుముందే 2013లో చైనాలో ఫోక్స్‌వ్యాగన్ తన డీఎస్‌జీ (డ్యూయల్ క్లచ్‌కు ఆ కంపెనీ పెట్టుకున్న పేరు) గేరుబాక్సుల లోపాల మీద 3,84,181 కార్లను వెనక్కి పిలిచింది. అన్ని డ్యూయల్ క్లచ్‌లూ చెడ్డవని నా ఉద్దేశం కాదు, వెట్ క్లచ్ రకాలు ఇక్కడ చక్కగా నడుస్తున్నవి బోలెడు ఉన్నాయి. స్వభావం అన్న మాట నోటితో చెబితే మాత్రం ఒప్పుకోవద్దు, రాసి ఇవ్వమనండి.

జిల్లాకోర్టు:

న్యాయపరమైన సంగతులు క్లుప్తంగా రాస్తాను. కొన్న కారులో లోపం తేలితే దాన్ని మార్చి ఇచ్చి తీరాలని ప్రత్యేకంగా చెప్పే చట్టం మన దేశంలో లేదు, 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టమే మనకు ఆధారం. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలలోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, మీరు నివసించే జిల్లాలోనే దాఖలు చేసుకోవచ్చు, వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. 10 నుంచి 20 లక్షల మధ్య కారుకు రుసుము 400 రూపాయలు మాత్రమే. వ్యాజ్యకారణం (దావాకు దారితీసిన సంగతి) తలెత్తిన రెండేళ్లలోపు దాఖలు చేయాలి. మీరు సాగదీస్తే నష్టపోయేది ఇక్కడే. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేస్తే కంపెనీ కార్యాలయం వరకు విషయం వెళుతుంది, కొన్ని తగవులు అక్కడే తెగిపోతాయి.

కారు మొత్తం మార్చి ఇప్పించుకోవడం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మారుతీ ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతు ప్రకారం కంపెనీ బాధ్యత లోపం ఉన్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేనని, కారునే మార్చి ఇవ్వమనడం సరికాదని చెప్పింది. కనుక మీరు అడగవలసింది క్లచ్ సెట్టు, అవసరమైతే గేరుబాక్సు. తయారీ లోపం ఉందా లేదా అన్నది నిపుణుల పరీక్ష లేకుండా తేలకపోతే కమిషన్ ఆ పరీక్షకు పంపగలదు. కానీ మీ దగ్గర జాబ్ కార్డులు (బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ ఫిర్యాదు రాసి ఇచ్చే కాగితాలు) లేకపోతే పరీక్ష వరకు కూడా విషయం వెళ్లదు. ప్రతి జాబ్ కార్డులోనూ మీరు చెప్పిన లక్షణాన్ని మీ మాటల్లోనే రాయించండి. "జనరల్ చెకప్" అని రాసిన కార్డు మీద సంతకం పెట్టకండి.

కూకట్‌పల్లివాసి:

అందరికీ కృతజ్ఞతలు. గోపాలం గారు చెప్పినట్టు గమనిస్తే, కదిలేటప్పుడు కాదు, రెండో గేరు అందుకునేటప్పుడే వణుకు వస్తోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అసలు లేదు. పాత జాబ్ కార్డులలో ఒకదాని మీద నిజంగానే "జనరల్ చెకప్" అనే ఉంది. బెజవాడ బాబాయ్ గారి సలహా ప్రకారం ఈ శనివారం సాయంత్రం రద్దీలోనే బండిని తీసుకెళతాను. ఒక్క సందేహం: ఇప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటున్నారు. తీసుకుంటే క్లచ్ దాని కిందికి వస్తుందా?

జిల్లాకోర్టు:

డబ్బు కట్టే ముందు మినహాయింపుల పేజీ అడిగి చదవండి. బ్రేకు ప్యాడ్లు, వైపర్ల వంటి అరిగే భాగాల వరుసలో క్లచ్ ప్లేట్లను కూడా చేర్చడం మామూలు. గేరుబాక్సు, కంట్రోల్ యూనిట్ వస్తాయని చెప్పి అమ్ముతారు, క్లచ్ పోయినప్పుడు అది అరుగుదల అంటారు. మీ మోడల్‌కు డ్యూయల్ క్లచ్ అసెంబ్లీ వర్తిస్తుందో లేదో ఒక్క వాక్యంలో ఈ-మెయిల్ ద్వారా అడగండి. జవాబు రాతపూర్వకంగా వస్తేనే తీసుకోండి. ఇప్పటి వణుకు మీద ఫిర్యాదు మాత్రం మొదటి వారంటీ కిందే నమోదు కావాలి, రెండింటినీ కలపనివ్వకండి.

గేర్లగోపాలం:

రెండో గేరు దగ్గర, అదీ వేడెక్కిన తర్వాతే అంటున్నారు కాబట్టి, శనివారం వణుకు వస్తున్న సమయంలోనే లైవ్ డేటా రికార్డు చేయమని టెక్నీషియన్‌ను అడగండి. రెండో క్లచ్ ఉష్ణోగ్రత, టచ్ పాయింట్ ఆ నిమిషంలో ఎంత ఉన్నాయో తెర ఫొటో తీసి ఇక్కడ పెడితే మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.