ఒపలైన్ నీళ్ళ సెట్టు: ఫ్రెంచిదో కాదో తేల్చడం ఎలా?

గాజుపిచ్చి_విజయనగరం
ఇక్కడ పాత సామాన్ల దుకాణంలో లేత నీలం ఒపలైన్ (పాలలా మసగ్గా ఉండే గాజు) సెట్టు అమ్మకానికుంది. బిరడా కూజా, రెండు కాడ గ్లాసులు, పళ్ళెం, అంచులకు బంగారు గీత. ముద్ర ఎక్కడా లేదు. 1850 నాటి బాకరా (ఫ్రాన్సు గాజు కంపెనీ) సరుకంటున్నాడు దుకాణదారు. కొనేముందు ఏం చూడాలి? కూజా లోపల తెల్లపొర పోతుందా?

కాడగ్లాసు
ముద్ర లేకపోతే తప్పేం లేదండి. బాకరావాళ్ళు సరుకంతటికీ ఆమ్లంతో ముద్ర వెయ్యడం 1936లో మొదలైంది. అది ఉండి 1850 అంటేనే అనుమానపడాలి.

గ్లాసు బోర్లించి అడుగు చూడండి. ఊదిన గాజైతే, చేసేటప్పుడు అడుక్కి అంటించిన కడ్డీ విరిచిన చోటు అరగదీసిన గుండ్రటి పల్లం ఉంటుంది. బల్లకి తగిలే అంచు మీద మాత్రమే సన్నటి గీతలు, అన్ని దిక్కులా ఉండాలి. ఒకే వైపుకి సాగాయంటే పాతదనిపించడానికి చేసిన గరుకు కాగితం పని. అచ్చు గీత కనబడితే అది ఊదింది కాదు, అచ్చులో నొక్కిన గాజు. ఫ్రాన్సులోనే పోర్త్యూ, వాలెరిస్తాల్ గాజు కార్ఖానాలు అలాంటివి బోలెడు చేశాయి, కాబట్టి నకిలీ అనెయ్యకండి, ధర మాత్రం తగ్గాలి.

అసలు పరీక్ష తూకం. తొలినాటి మేలురకం ఒపలైన్ సీసం కలిసిన క్రిస్టల్. గ్లాసుని డిజిటల్ కాటా మీద తూచండి. తర్వాత కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేసి, గ్లాసుని దారంతో వేలాడదీసి పూర్తిగా ముంచండి. అడుక్కి, పక్కలకి తగలకూడదు, గాలి బుడగ ఉండిపోకూడదు. మొదటి అంకెని రెండోదానితో భాగిస్తే మామూలు గాజుకి 2.5 దగ్గర, సీసం క్రిస్టల్‌కి 3 దగ్గర వస్తుంది. ఇత్తడి బిగింపులున్నవాటికి ఇది పనికిరాదు.

సిక్కోలు_పింగాణీ
పొర సంగతి. సగం వెనిగర్, సగం నీళ్ళు కూజా లోపల మాత్రమే పోసి గంట ఉంచండి, గుప్పెడు బియ్యం వేసి తిప్పండి. బోరు నీళ్ళ సున్నమైతే పోతుంది. తడిగా ఉన్నప్పుడు మాయమై ఆరగానే మళ్ళీ తేలితే గాజే తినేసింది, ఒగ్గేయండి. బంగారు గీతకి చింతపండు, బూడిద, పీచు దగ్గరికి రానివ్వొద్దు. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. బిరడా పట్టేస్తే రెండు చుక్కల నువ్వుల నూనె వేసి రాత్రంతా ఉంచి, చెక్క గరిటెతో అటూ ఇటూ మెల్లగా తట్టండి. తడి ఆరకుండా బిరడా పెట్టెయ్యకండి. మన సముద్రపు గాలికి ఆ పొర అలాగే పుడుతుంది.

నిమ్మరసం, మజ్జిగ అందులో పొయ్యొద్దు. పులుపుకి సీసం దిగుతుంది.

గాజుపిచ్చి_విజయనగరం
గ్లాసు 212 గ్రాములు, నీళ్ళలో 84 చూపించింది.

కాడగ్లాసు
2.52. మామూలు గాజేనండి, 1850 బాకరా ధర ఇవ్వకండి. కూజా కూడా విడిగా తూచండి, ఇలాంటి సెట్లలో ముక్కలు కలగలిపి అమ్మడం మామూలే. పైగా పూర్తి సెట్టులో చక్కెర గిన్నె, నారింజపూల నీళ్ళకి బుల్లి సీసా కూడా ఉండేవి. ఆ రెండూ లేవని చెప్పి బేరమాడండి.