ఎఫ్11 నొక్కినా రికవరీ తెర రావడం లేదు, లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి

బ్రాడీపేట, గుంటూరు:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదండీ. మా నాన్నగారికి మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ఉంది. నాలుగేళ్ల లెక్కలు, రైతుల పట్టీలు, ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వేశాడు, ఎంత ఇచ్చాం, ఇంకా ఎంత ఇవ్వాలి, అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్‌లో ఉన్నాయి. విండోస్ 10. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ పెట్టే వాడుతున్నాం. నిన్న ఫైల్ సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే కంపెనీ గుర్తు, దాని కింద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. అరగంట కూర్చున్నా అదే తీరు.

ఆన్ చేయగానే ఎఫ్11 నొక్కితే రికవరీ వస్తుందని ల్యాప్‌టాప్‌తో ఇచ్చిన కాగితంలో ఉంది. ఇరవై సార్లు ఆపి, ఆన్ చేసి నొక్కాను. రాలేదు. దగ్గరలోని షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలి, డేటాకు గ్యారంటీ లేదన్నారు. సీజన్‌లో ఈ లెక్కలు పోతే నాన్నగారు రైతులకు ఏం సమాధానం చెబుతారో తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. దయచేసి దారి చూపండి.

గవర్నర్‌పేట, విజయవాడ:
ముందు ఒక మాట. ఫార్మాట్ ఒప్పుకోకండి, ఎవరు చెప్పినా సరే. చుక్కలు తిరుగుతున్నాయంటే డిస్క్ నుంచి విండోస్ కొంతవరకైనా లోడ్ అవుతోందని అర్థం. ఫైళ్లు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

రికవరీ అని మనం ఒకే మాట వాడతాం గానీ అవి రెండు. ఒకటి కంపెనీ పెట్టి పంపేది, కొన్న రోజున ఎలా ఉందో అలా చేసేది. అది నడిపితే మీ ఫైళ్లు పోతాయి. రెండోది విండోస్‌లోనే ఉండే నీలం తెర. రిపేరు, కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ) అందులో ఉంటాయి. మీకు కావలసింది రెండోది.

ఇప్పుడు మీటల సంగతి. హెచ్‌పీలో ఎఫ్11, ఆసుస్‌లో ఎఫ్9, ఏసర్‌లో ఆల్ట్, ఎఫ్10 కలిపి. డెల్‌లో ఎఫ్12 నొక్కితే వచ్చే జాబితాలో వెతకాలి. లెనోవోలో చాలా మోడళ్లకు పక్కన చిన్న కన్నం ఉంటుంది, పిన్నుతో నొక్కాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో పై వరుస మీటలు సౌండు, వెలుతురు మార్చడానికే పెట్టి ఉంటాయి. వాటిలో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి. తెర వెలిగాక నొక్కితే ఆలస్యమైనట్టే. పవర్ బటన్ నొక్కిన వెంటనే మొదలుపెట్టి, సెకనుకు ఒకసారి చొప్పున నొక్కుతూ ఉండండి.

మూడు విషయాలు చెప్పండి. ఇదే పద్ధతిలో ఎస్కేప్ నొక్కితే మెనూ గాని, బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) గాని వస్తోందా? కొన్నాక హార్డ్‌డిస్క్ మార్చారా? ఆ ఇరవై సార్లలో ఒక్కసారైనా ఆటోమేటిక్ రిపేర్ అన్న మాట కనబడిందా?

బ్రాడీపేట, గుంటూరు:
ఎస్కేప్ నొక్కితే మెనూ వచ్చింది సార్. అందులో ఎఫ్11 కూడా రాసి ఉంది. నొక్కితే ఒక్క క్షణం తెర నల్లబడి మళ్లీ చుక్కలే. ఆటోమేటిక్ రిపేర్ ఒక్కసారీ రాలేదు. 2022లో స్లో అయిందని పాత డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేయించాం. పాత డిస్క్ బీరువాలో ఉంది.

గవర్నర్‌పేట, విజయవాడ:
అయితే విషయం తేలిపోయింది. మీ మీట పనిచేస్తోంది. మీరు తలుపు సరిగ్గానే తడుతున్నారు, లోపల మనిషి లేడు. కంపెనీ రికవరీ పాత డిస్క్‌తో పాటే బీరువాలోకి వెళ్లింది. కొత్త డిస్క్‌లో విండోస్ వేసినప్పుడు దాని సొంత రికవరీ భాగం కూడా పడాలి. కానీ స్థలం కలిసొస్తుందని ఆ చిన్న భాగాన్ని చెరిపేసేవాళ్లు ఉన్నారు. విండోస్ వరుసగా రెండు మూడు సార్లు పూర్తిగా లేవకపోతే తనంతట తానే ఆటోమేటిక్ రిపేర్‌కు వెళ్లాలి. మీరు ఇరవై సార్లు ఆపినా వెళ్లలేదంటే అక్కడ అది లేదనే నా నమ్మకం. ఇకపై పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం మానేయండి, ఉన్న ఫైళ్లకు అది మంచిది కాదు.

బయట నుంచి తెచ్చుకుందాం. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీది తీసుకోండి. స్నేహితుల కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, విండోస్ 10ది ఆ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి. దాన్ని మీ ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఎస్కేప్ మెనూలో బూట్ డివైస్ అన్నది ఎంచుకుని, పెన్‌డ్రైవ్ మీద ఎంటర్ కొట్టండి. భాష అడిగే తెర దాటాక మధ్యలో పెద్దగా ఇన్‌స్టాల్ నౌ అని ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. ఎడమవైపు కింద మూలన చిన్న అక్షరాల్లో రిపేర్ యువర్ కంప్యూటర్ అని ఉంటుంది. అదే మీ దారి.

పటమట, విజయవాడ:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మాయి ఏసర్‌లో ఆల్ట్, ఎఫ్10 కలిపి ఎన్నిసార్లు నొక్కినా రావడం లేదు. డిస్క్ మార్చలేదు.

గవర్నర్‌పేట, విజయవాడ:
ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండమ్మా. మెయిన్ అనే పేజీలో డీ2డీ రికవరీ అని ఉంటుంది, ఆల్ట్, ఎఫ్10 రికవరీకి స్విచ్ అదే. డిజేబుల్డ్ అని ఉంటే ఎనేబుల్డ్ చేసి, ఎఫ్10తో సేవ్ చేసి రండి. విండోస్ మామూలుగా లేస్తుంటే ఇంకా సులువు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే చాలు, నీలం తెర అదే వస్తుంది. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది.

కొరిటెపాడు, గుంటూరు:
నాది విండోస్ 11. నీలం తెర వస్తుంది గానీ అక్కడ యూఎస్‌బీ మౌస్, కీబోర్డు కదలవు. విండోస్‌లో బాగానే ఉంటాయి.

భవానీపురం, విజయవాడ:
అది మీ కీబోర్డు తప్పు కాదండీ. 2025 అక్టోబరు 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్‌తో రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయకుండా పోయాయి. మైక్రోసాఫ్టే ఒప్పుకుని అదే నెల 20న విడిగా అప్‌డేట్ ఇచ్చింది. మీకు విండోస్ లేస్తోంది కాబట్టి ముందు అప్‌డేట్‌లన్నీ పూర్తిచేసి, అప్పుడు మళ్లీ చూడండి.

బ్రాడీపేట వారికి కూడా ఒక మాట. నీలం తెరలో బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగితే కంగారు పడొద్దు. 48 అంకెల నంబరు అది. ల్యాప్‌టాప్‌లో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో, ఫోన్‌లో అదే అకౌంట్ తెరిస్తే సాధారణంగా డివైసుల కింద దొరుకుతుంది. అది దొరికేదాకా రీసెట్ జోలికి పోవద్దు.

బ్రాడీపేట, గుంటూరు:
నీలం తెర వచ్చింది సార్! కీ ఏమీ అడగలేదు. ట్రబుల్‌షూట్‌లో స్టార్టప్ రిపేర్ ఉంది. నొక్కమంటారా?

గవర్నర్‌పేట, విజయవాడ:
ఆగండి. ముందు లెక్కలు బయటికి తీయండి, రిపేరు తర్వాత. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో నోట్‌ప్యాడ్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఫైల్, ఓపెన్ నొక్కితే చిన్న కిటికీ వస్తుంది. మన ఫైళ్ల దగ్గరికి అదే దారి. కింద టెక్స్ట్ ఫైళ్లు అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ అని మార్చండి, లేకపోతే ఎక్సెల్ ఫైళ్లు కనబడవు. అది చూసే చాలామంది డేటా పోయిందని గుండెలు బాదుకుంటారు. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి, మీ సీ డ్రైవ్ డీ గానో ఈ గానో కనబడొచ్చు. యూజర్స్ అన్న ఫోల్డర్ ఎందులో ఉంటే అదే. అందులో మీ పేరు, దాని కింద డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్. కావలసిన ఫోల్డర్ మీద కుడి క్లిక్, కాపీ. ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి అందులో పేస్ట్.

పేస్ట్ కొట్టాక ఎంత అయిందో చూపించే గీత రాదు. తెర బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అలాగే వదిలేయండి. కాపీ అయ్యాక ఆ పెన్‌డ్రైవ్ తీసి వేరే కంప్యూటర్‌లో పెట్టి, ఒక్కో ఎక్సెల్ ఫైల్ తెరిచి చూసి, నాన్నగారి చేత సరే అనిపించుకున్నాకే తర్వాతి మెట్టు.

బ్రాడీపేట, గుంటూరు:
అన్నీ వచ్చాయి అన్నగారూ. నిన్న సేవ్ చేస్తున్న ఒక్క షీటు మాత్రం తెరుచుకోవడం లేదు. మొన్నటి వరకు ఉన్న కాపీ దొరికింది, ఒక్కరోజు పట్టీలు మళ్లీ ఎక్కించుకుంటాం. నాన్నగారు కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు రిపేరు చేయమంటారా?

గవర్నర్‌పేట, విజయవాడ:
చేయండి. స్టార్టప్ రిపేర్ కంటే ముందు డిస్క్ చూద్దాం, రాసేటప్పుడు కరెంటు పోయింది కదా. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లీషు అక్షరాలు వరుసగా సీ, హెచ్, కే, డీ, ఎస్, కే. ఒక ఖాళీ. యూజర్స్ ఉన్న డ్రైవ్ అక్షరం, కోలన్. ఒక ఖాళీ. స్లాష్, ఎఫ్. ఎంటర్. అది పూర్తయ్యేదాకా ఛార్జర్ ప్లగ్ దగ్గర పిల్లలను తిరగనివ్వకండి. అయ్యాక పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్.

బ్రాడీపేట, గుంటూరు:
లేచింది! చుక్కలు నాలుగు చుట్లు తిరిగి లాగిన్ తెర వచ్చింది. ఇరవై నిమిషాలుగా వాడి చూస్తున్నాను, బాగానే ఉంది. ఎఫ్11 రికవరీ మళ్లీ తెప్పించుకోవచ్చా?

గవర్నర్‌పేట, విజయవాడ:
సంతోషం. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆర్, ఈ, ఏ, జీ, ఈ, ఎన్, టీ, సీ, ఒక ఖాళీ, స్లాష్, ఇన్ఫో అని కొట్టండి. విండోస్ సొంత రికవరీ పనిలో ఉందో లేదో అది చెబుతుంది. డిజేబుల్డ్ అంటే, ఇన్ఫో బదులు ఎనేబుల్ అని కొట్టి చూడండి.

బ్రాడీపేట, గుంటూరు:
డిజేబుల్డ్ అనే ఉంది. ఎనేబుల్ అంటే రికవరీ ఇమేజ్ దొరకలేదంటోంది.

గవర్నర్‌పేట, విజయవాడ:
అనుకున్నట్టే, ఆ ఫైలే లేదు. విండోస్ ఇన్‌స్టాల్ ఫైళ్లలోంచి దాన్ని తీసి పెట్టవచ్చు గానీ ఈ సీజన్‌లో ఆ ప్రయోగం వద్దు. మీరు చేసిన పెన్‌డ్రైవే ఇక మీ రికవరీ. మీద రికవరీ అని కాగితం అంటించి బీరువాలో పెట్టండి. కొత్త బ్యాటరీ ఈ వారమే వేయించండి, అది లేకే ఇంత జరిగింది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, సీజన్ అయ్యాక 11 సంగతి చూద్దాం.

బ్రాడీపేట, గుంటూరు:
అలాగే అన్నగారూ. బీరువాలోని పాత డిస్క్ ఇక పారేయవచ్చా?

గవర్నర్‌పేట, విజయవాడ:
వద్దండీ. దానికి యూఎస్‌బీ కేసు ఒకటి కొని తొడగండి. ఈ రాత్రే లెక్కల కాపీ ఒకటి అందులో కూడా వేసేయండి.