స్క్రాబుల్‌లో ర్యాక్ నిండా అచ్చులే వస్తే ఏం చేయాలి?

మారతహళ్ళి_వాణి:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం మధ్యాహ్నాలు స్క్రాబుల్ ఆడుకుంటాం, అదే, అక్షరాల బిళ్ళలు (టైల్స్) బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట. మొన్న పక్క ఫ్లాట్ కన్నడ ఆంటీ ఏ-ఐ అని రెండు టైల్స్ పెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కి పొట్టి పేరు కదా, పొట్టి పేర్లు చెల్లవు అన్నాను. ఆవిడ ఫోన్ తీసి చూపిస్తే, చెల్లుతుందట! మరి దాని అర్థమేంటి ఆంటీ అంటే, "అర్థంతో నీకేం పనమ్మా, పాయింట్లు రాసుకో" అన్నారు.

నాకేమో అర్థం తెలియని మాట బుర్రలో నిలవదు. పైగా నా ఖర్మేమో గానీ ఎప్పుడూ అచ్చులే వస్తాయి. ఆఖరి ఆటలో నా ర్యాక్‌లో (మన టైల్స్ నిలబెట్టుకునే చిన్న చట్రం) ఏ, ఏ, ఈ, ఐ, ఓ, యు, వాటికి తోడు ఒక్క ఎన్. ఇలాంటప్పుడు పనికొచ్చే చిన్న మాటలు అర్థాలతో సహా ఎవరైనా చెప్తారా? లిస్టుల లింకులు మాత్రం పెట్టకండి ప్లీజ్, అవి చూస్తే నిద్రొస్తుంది.

మల్లేశ్వరం_మామయ్య:
వాణిగారూ, పాయింట్లు ఆంటీవే. ఏ-ఐ అంటే కంప్యూటర్లతో సంబంధం లేని జంతువు. దక్షిణ అమెరికా చెట్లకి తలకిందులుగా వేలాడే మూడు వేళ్ళ స్లాత్. ఆ-ఈ అని పలకాలి. అక్కడి తుపి భాష మాట, దాని అరుపును బట్టి వచ్చిన పేరు. రెండు వేళ్ళ స్లాత్ కూడా ఉంది, దాని పేరు యు-ఎన్-ఏ-యు. రెండు యు-లు ఒకేసారి వచ్చి ఏడిపిస్తున్నప్పుడు ఈ రెండో జంతువే దిక్కు.

రెండు ఏ-లు ఉంటే ఏ-ఏ పెట్టేయండి. హవాయి దీవుల్లో గరుకుగా, ముళ్ళముళ్ళగా గడ్డకట్టే లావా అది. ఓ-ఈ అంటే ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల దగ్గర లేచే సుడిగాలి. ఏ-ఈ స్కాట్లాండ్ వాళ్ళ "ఒక". ఈ-ఏ-యు మీరు రోజూ చూసేదే, ఓ డి కొలోన్ సెంటు సీసా మీద ఉండే మొదటి మాట. ఫ్రెంచిలో నీళ్ళు. దాని చివర ఎక్స్ తగిలిస్తే బహువచనం, మూడు పాయింట్లది పదకొండవుతుంది. ఎక్స్ చేతిలో ఉన్నప్పుడు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి చాలు.

ఇక్కడో మెలిక ఉంది. చెల్లే మాటల లిస్టులు రెండున్నాయి, ఒకటి అమెరికాది, ఇంకోటి కాలిన్స్ డిక్షనరీ వాళ్ళది. పైవన్నీ అమెరికా లిస్టులోనూ చెల్లుతాయి. ఈ-ఏ (వాగు), ఐ-ఓ (సంతోషంతోనో దుఃఖంతోనో వేసే కేక), ఓ-యు (దక్షిణాఫ్రికాలో మగమనిషి) మాత్రం కాలిన్స్ లిస్టులోనే ఉంటాయి. మన దేశంలో టోర్నమెంట్లు కాలిన్స్‌తోనే ఆడతారు. మీ క్లబ్‌హౌస్‌లో ఏ లిస్టో ఆట మొదలుపెట్టక ముందే తేల్చుకోండి. లేకపోతే ఆంటీ ఫోన్ ఏది చెబితే అదే చట్టం.

కాలిన్స్‌లో ఏ-ఐ-ఏ కూడా ఉంది. ఎవరో కాదు, మన ఆయానే! పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చిన మాట. ఇంకో తమాషా, ఈ-యు-ఓ-యు-ఏ-ఈ. ఆరక్షరాల్లో ఒక్క హల్లూ లేదు. పాత చర్చి సంగీత పుస్తకాల్లో "సెక్యులోరమ్ ఆమెన్" అన్న లాటిన్ ముగింపుని ఎలా పాడాలో చూపించడానికి అందులోని అచ్చులు మాత్రం వరసగా రాసేవారు. అలా పుట్టింది. నేనింతవరకూ బోర్డు మీద పెట్టింది లేదు గానీ, ఆ ఆశతోనే బతుకుతున్నా.

ఇక మీ ర్యాక్ సంగతి. ఏ-ఈ-ఓ-ఎన్ (యుగం) అందరికీ తడుతుంది. కానీ అది పెడితే చేతిలో ఏ, ఐ, యు మిగిలి, కథ మళ్ళీ మొదటికొస్తుంది. కాలిన్స్ అయితే ఈ-యు-ఓ-ఐ పెట్టండి. గ్రీకుల మద్యదేవుడు బాకస్ భక్తులు పూనకంలో వేసే కేక. అవీ నాలుగు పాయింట్లే, కానీ ఏ, ఏ, ఎన్ మిగులుతాయి, కనీసం ఒక హల్లు చేతిలో ఉంటుంది. వచ్చే పాయింట్ల కంటే మిగిలే టైల్స్ చూసుకోవాలి.

ఖర్మ అనుకోకండి. సంచిలో ఉన్న 100 టైల్స్‌లో 42 అచ్చులే. ఈ-లు 12, ఏ, ఐ తొమ్మిదేసి, ఓ 8, యు 4. పెద్ద మాట కుదురుతుందని అచ్చులు దాచుకుంటూ కూర్చోకుండా రెండేసి మూడేసి వదిలించుకోండి. టైల్స్ మార్చుకుందామన్నా టర్న్ పోతుంది, సంచిలో ఏడు కంటే తక్కువుంటే ఆ అవకాశమూ లేదు.

కోరమంగళ_కుర్రాడు:
అక్కా, నా ఓటు ఆంటీకే. న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ చాంపియన్ అయ్యాడు. 2024లో స్పానిష్‌దీ కొట్టాడు. అర్థాలు లేకుండానే!

అయినా అడిగారు కాబట్టి నా వంతు: ఈ-టి-యు-ఐ అంటే సూదులు పెట్టుకునే చిన్న పెట్టె. ఎమ్-ఓ-యు-ఈ అంటే మూతి ముడవడం. ఏ-జి-యు-ఈ అంటే వణుకు పుట్టించే చలిజ్వరం. అన్నట్టు వర్డిల్ (ఆన్‌లైన్‌లో అయిదక్షరాల మాట కనిపెట్టే ఆట) ఆడేవాళ్ళు మొదట్లోనే పెట్టే ఏ-డి-ఐ-ఈ-యు (వీడ్కోలు) ఇక్కడా బాగా పనికొస్తుంది, ఒక్క దెబ్బకి నాలుగు అచ్చులు పోతాయి.

మల్లేశ్వరం_మామయ్య:
బాబూ, రిచర్డ్స్‌ది ఏకసంథాగ్రాహి బుర్ర. మాలాంటి వాళ్ళకి చలిజ్వరం అంటేనే ఏ-జి-యు-ఈ గుర్తొస్తుంది.

మారతహళ్ళి_వాణి:
మామయ్యగారూ, చాలా థాంక్స్. ఆయా సంగతి చెప్తే ఆంటీ కూడా పడీపడీ నవ్వారు. కాలిన్సే అని తేల్చుకున్నాం. ఒక్క డౌటు, వీటన్నిటికీ చివర ఎస్ పెట్టొచ్చా?

మల్లేశ్వరం_మామయ్య:
స్లాత్‌కి, లావాకి, సుడిగాలికి పెట్టొచ్చు. "ఒక" అనే ఏ-ఈకి మాత్రం కుదరదు, ఒకటికి బహువచనమేంటమ్మా! దానికి ముందు ఎన్ పెట్టుకోండి, ఎన్-ఏ-ఈ అవుతుంది, స్కాట్లాండ్ వాళ్ళ "కాదు". హెచ్, టి కూడా అలాగే ముందు అతుకుతాయి.