డబుల్ బెడ్రూం కాలనీల రాత్రి గస్తీ మనమే తిరగాల్నా?

పాలమూరు_బిడ్డ:
మహబూబ్‌నగర్ శివారుల సర్కారు పేదలకిచ్చిన ఇండ్ల మా కాలనీల నెల తిరక్కముందే మూడు బైకులు పోయినయి. మెట్ల కింద గంజాయి వాసన. రాత్రి బ్లాకుకు ఇద్దరు గస్తీ, గేటు కాడ రిజిస్టరు, ఇంటికింత వేసుకొని పోలీసోళ్ల 'నేను సైతం' స్కీం కింద సీసీ కెమెరాలు అనుకుంటున్నం. ఏమంటరు?

మెట్టుగడ్డ_అన్న:
జీతం పోలీసోళ్లకు, నిద్ర పోయేది మనకా? వద్దు.

ఆటో_బతుకు:
100కు కొట్టి వాళ్లొచ్చేలోపు దొంగ జడ్చర్ల దాటుతడు. ముందు స్తంభాలకు లైట్లు వేపియ్యుండ్రి.

నాలుగో_బ్లాకు_అక్క:
మా తమ్ముడు రాత్రి డ్యూటీ దిగొస్తుంటే గస్తీ పోరగాళ్లు బ్యాగు గుంజుకొని చూసిండ్రు. టిఫిన్ డబ్బా ఉండె. ఎవరిచ్చిండ్రు ఆ అధికారం?

పాలమూరు_బిడ్డ:
చట్టమే ఇచ్చింది అక్కా. పాత సీఆర్పీసీ జాగల వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్. ఎవరైనా పట్టుకోవచ్చు.

నాలుగో_బ్లాకు_అక్క:
పూర్తిగ చదువు తమ్మీ. నీ కండ్ల ముంగట నాన్ బెయిలబుల్, కాగ్నిజబుల్ (పోలీసులు వారంట్ లేకుండ పట్టుకునే) నేరం చేస్తేనే, లేకుంటే కోర్టు ప్రకటించిన పరారీ నేరస్తుడైతేనే. అప్పుడు గూడ 6 గంటల లోపల పోలీసులకు అప్పగియ్యాలె. బ్యాగు వెతకమని యాడుంది?

మెట్టుగడ్డ_అన్న:
గదే నేనంటున్న. రిజిస్టరు గిజిస్టరు బంద్ పెట్టుండ్రి.

పాలమూరు_బిడ్డ:
అన్నా, రిజిస్టరంటే నీకెందుకు గుచ్చుకుంటుందో నేను చెప్పాల్నా? పట్టా వదిన పేరు మీద, ఉండేది ఇంకెవరో. అమ్మొద్దు, కిరాయికియ్యొద్దని ఇచ్చిన ఇండ్లు ఇవి. సగం తాళాలు, సగం కిరాయిలు. తాళమేసిన ఇండ్ల ముంగటనే ఆ గంజాయి గుంపులు.

మెట్టుగడ్డ_అన్న:
నోరు జాగ్రత్త! నాకు కూలి దొరికేది క్లాక్ టవర్ కాడ. తెల్లారకముందే ఆ శివారు నుంచి ఆటోకు పైసలు యాడికెల్లి తేవాలె? బస్సు లేదు, పిల్లలకు బడి లేదు. ఆడొచ్చే కిరాయి తెచ్చి ఈడ టౌన్ల కడుతున్న. నన్ను దొంగల లెక్కల రాస్తరా?

ఆటో_బతుకు:
అన్న బాధ నిజమే.

నాలుగో_బ్లాకు_అక్క:
అసలు మాట ఇప్పుడొచ్చింది. కిరాయికున్నది మేము. గస్తీ మమ్మల్ని కాపాడనీకి గాదు, మమ్మల్ని కనిపెట్టనీకి. పోయిన బైకులల్ల ఒకటి మా తమ్మునిదే, ఎవ్వలన్న అడిగిండ్రా? గస్తీకి మేమూ వస్తం. కమిటీల కూసోనిస్తరా?

పాలమూరు_బిడ్డ:
కిరాయోళ్లను కమిటీల పెడితే ఇండ్లు కిరాయికిచ్చినమని ఆఫీసర్ల ముంగట మనమే రాసిచ్చినట్టు. పట్టాలు రద్దంటే ఎవరు జిమ్మేదారు?

నాలుగో_బ్లాకు_అక్క:
రద్దయితే ముందుగాల రోడ్డు మీద పడేది మేమే. తెలిసే అడుగుతున్న. కూసోనిస్తరా, లేదా?