పాత పీసీతో ఇంజెక్టర్లు నడపొచ్చా?

గాజువాక కుర్రాడు:
కాలేజీ ప్రాజెక్టు కోసం ఆటోనగర్‌లో తుక్కు రేటుకి మారుతి 800 ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కీ పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఉండే రకం) ఇంజన్ దొరికింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఈసీయూ (ఇంజెక్టర్లని నడిపే కంప్యూటర్) లేదు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ దుమ్ము పట్టి పడి ఉంది. దాని ప్రింటర్ పోర్టుకి మాస్‌ఫెట్లు (కరెంటు స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) తగిలించి ఇంజెక్టర్లు తెరిస్తే సరిపోదా? మా సార్ కుదరదంటున్నారు.

సీతమ్మధార ఎంబెడెడ్:
సార్ చెప్పిందే నిజం. పీసీకి వేగం ఉంది, పిలిచిన క్షణానికి పలకడమే లేదు. 6000 ఆర్‌పీఎంలో ఒక చుట్టు 10 మిల్లీసెకన్లు. ఐడిల్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండేది రెండు మూడు మిల్లీసెకన్లే. విండోస్ మామూలుగా టైము చూసుకునేదే 15.6 మిల్లీసెకన్లకోసారి. ఈలోగా ఇంజన్ చుట్టున్నర తిరిగేస్తుంది. 2001లో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు మెగాస్క్విర్ట్ అనే సొంతంగా కట్టుకునే ఈసీయూ చేసింది 8 మెగాహెర్ట్జ్ చిప్పుతో. దానికి వేరే పని లేదు, అంతే.

పాతబండి మాస్టారు:
విండోస్ ఎవరు వాడమన్నారు బాబూ? విండోస్‌కి ముందటి డాస్‌లో ఇంటరప్టులన్నీ (ప్రాసెసర్‌ని మధ్యలో ఆపి వేరే పనికి పిలిచే సిగ్నళ్లు) మన చేతిలోనే ఉంటాయి. పీసీలో ఉండే 8254 టైమర్ సెకనుకి దాదాపు 11.9 లక్షల సార్లు లెక్కపెడుతుంది. లినక్సే కావాలంటే 2024లో వచ్చిన 6.12 వెర్షన్ నుంచి రియల్‌టైమ్ (టైముకి తప్పకుండా పలికే) సదుపాయం అసలు కెర్నల్‌లోనే, అంటే లినక్స్ మూల ప్రోగ్రామ్‌లోనే ఉంది. 50 మైక్రోసెకన్లు అటూఇటూ అయినా, 2.5 మిల్లీసెకన్ల పల్స్‌లో అది 2 శాతం. బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఇంజెక్టర్ తెరుచుకోవడంలో అయ్యే ఆలస్యమే అంతకన్నా ఎక్కువ!

సీతమ్మధార ఎంబెడెడ్:
పెట్రోల్ వరకు మీ లెక్క ఒప్పుకుంటాను. స్పార్క్ కూడా పీసీకే ఇస్తే, 6000లో 50 మైక్రోసెకన్లంటే దాదాపు 2 డిగ్రీలు. పైగా మదర్‌బోర్డులో ఉండే బయోస్ ప్రోగ్రామ్ మధ్యమధ్యలో ప్రాసెసర్‌ని లాక్కుంటుంది. డాస్‌కీ చెప్పదు, లినక్స్‌కీ చెప్పదు.

ఆటోనగర్ మెకానిక్:
మైక్రోసెకన్ల సంగతి నాకు తెలీదు గానీ, పీసీ హ్యాంగై ఇంజెక్టర్ తెరిచే ఉండిపోతే? నిమిషానికి 200 సీసీ పోసే ఇంజెక్టర్ అనుకోండి, పది సెకన్లకి 33 సీసీ. ఈ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ కూడా ఇంచుమించు అంతే. ఇంజన్ ఆగి పంపు తిరుగుతుంటే పెట్రోల్ సిలిండర్‌లోకి దిగుతుంది. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టారా, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కిందటేడు ఇంజెక్టర్‌లో చెత్త ఇరుక్కున్న కారొకటి వచ్చింది. ఇంజన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీస్తే గుప్పున పెట్రోల్ వాసన.

పాతబండి మాస్టారు:
వాచ్‌డాగ్ పెడితే సరి. పీసీ పలకడం మానగానే పంపుకి కరెంటు కట్.

సీతమ్మధార ఎంబెడెడ్:
వాచ్‌డాగ్‌కి ఎలాగూ చిప్పు కావాలిగా మాస్టారూ! ఇంజెక్టర్లు కూడా దానికే అప్పజెప్పండి.

పాతబండి మాస్టారు:
555 (మామూలు టైమర్ చిప్పు) చాలు. ప్రోగ్రామే అక్కర్లేదు.

గాజువాక కుర్రాడు:
స్పీడ్యూనో (అర్డ్యునో బోర్డు మీద నడిచే ఈసీయూ) కోసం అర్డ్యునో మెగా తెచ్చుకుంటా, పీసీని దాని ట్యూనింగ్‌కి వాడుకుంటా. అయినా డాస్ కూడా ఒకసారి చూడాలనుంది, ఇంజన్‌కి తగిలించకుండా.

ఆటోనగర్ మెకానిక్:
మా షెడ్‌లో ఇంజెక్టర్ క్లీనింగ్ మెషిన్ ఉంది తమ్ముడూ, గొట్టాల మీద సీసీ గీతలుంటాయి. అర్డ్యునో, పీసీ రెండూ పట్టుకురా, ఏది ఎంత పోస్తుందో చూద్దాం. ఆదివారం మాత్రం రాకు, షెడ్ మూసేస్తాం.